సున్నాకి దిగని గీత

అమ్మ పలాసలో జీడిపిక్కలు కొడుతుంది.
వరుసకి పద్దెనిమిది పీటలు, పీటకో మనిషి.
రాత్రి, బూడిద పూసిన వేళ్లు విరుచుకుంటూ అడిగింది:
"ఆ యూనివర్సిటీలో ఏటి సేస్తన్నావే నువ్వు?"

మీ షెడ్డు లాంటిదే అన్నాను.
గదికో ఎలక్ట్రాను.
ఇది పక్కకి పోదామంటే అక్కడ ఇంకోటి,
అది లేద్దామంటే దాని పక్కది.
రాగిలో అయితే పరిగెత్తేవే,
ఇక్కడ ఒకదానికొకటి గిట్టక
ఉన్నచోటే.
అందుకే ఈ రాయిలో కరెంటు పారదు.

దాని మీద వెలుగు కొడతాం.
ఎండ కాదమ్మా, దెబ్బ.
గోడలు ఒరుగుతాయి,
ఒకటి గెంతి రెండోదాని గదిలో పడుతుంది,
దాని ఖాళీలోకి మరొకటి,
రాయి కాసేపు లోహమైపోతుంది.

"కాసేపంటే?"
సెకనులో కోటి కోట్లో వంతు.

నవ్వుతుందనుకున్నాను.
కూలి పెంచమని షెడ్డంతా లేచి నిలబడ్డ
మధ్యాహ్నం గురించి చెప్పింది.
చింతాడ సూరమ్మ ముందు లేచిందట.
బువ్వ బెల్లు కొట్టేసరికి
ఎవరి పీట మీద వాళ్లు.

"సల్లారిపోనాక
ఆ రాయి మునుపట్లాగే ఉంటాదేటి?"

అదే ఇంకా తెలీదు.
గ్రాఫు చివర ఓ చిన్న వంపు,
ఎన్నిసార్లు కొలిచినా
సున్నాకి దిగడం లేదు.