మచ్చ పలుకు

పదిహేనేళ్ల బట్టి కాశీబుగ్గలో జీడిపప్పు ఏరతన్నాను.
గుండు ఒక డబ్బా, బద్ద ఒక డబ్బా, ముక్క ఇంకోటి.
మచ్చ పలుకు బల్ల సివరికి.
కరెంటు పోయినా ఊర్మిలకి మచ్చ కనబడతాదని
మేస్త్రి కొత్తోలకి సెప్తాడు.
నానూ అలాగే అనుకున్నాను,
దాలమ్మప్ప పోయీదాకా.

మా తోటికోడలు. పిక్క కొట్టే షెడ్డు ఆమెది.
జీడిసొన తాగీసిన అరసేతులు
కూతురి పెల్లికి గోరింటెట్టినా ఎర్రబడనేదు.
ముట్టాగిన మూడేల్లకి మల్లీ ఎరుపు కనబడితే
"ఓలమ్మ, మల్లీ పడుసునైపోయినానే" అంది.
బల్ల సుట్టూ ఆరుగురం నవ్వినాం.
ఆ నవ్వు ఇప్పటికీ
నా గొంతులో పొట్టులాగ అడ్డంగా ఉంది.

కోడి కూయకముందే రైలుకట్ట కాడి బోరింగుకి ఎల్లి
గుడ్డలు ఉతుక్కునీది.
దేవుడి పటం నేని గదిలో అగరొత్తులు ఎలిగించీది.
అడిగితే, దోమలు, అనీది.
విశాపట్నంలో కరెంటు పెట్టినారు, పాతిక పూటలు.
ముందే వొచ్చుంటే, అన్నాడు డాక్టరు.
మిగతాది మింగీసినాడు.

"నొప్పి నేనోలే రావాల" అని
నర్సు హేమసుందరి అన్నం గంటలో వొచ్చి సెప్పింది.
"ముప్పై దాటితే సాలు. గురువారం."
నొప్పి నేకుండా ఆసుపత్రికేటి, అంది కుంతి.
పూట కూలి ఎవుడిత్తాడు, అంది ఇంకోర్తి.
నా సేతిలో మచ్చ పలుకుంది.
దీనికి మాత్రం నొప్పుందేటి?

పురిటికి తప్ప ఎక్కని బల్ల.
సిలకలబొమ్మల కర్టెను. సల్లటి ఇనప పరికరం.
"ఊపిరి వొదలమ్మా, బిగబట్టకు."
దూదితో ఏదో అద్దింది.
ఊరగాయ జాడీ మూత తీసినట్టు గదంతా పులుపు.
వెనిగరట. ఒక్క నిమిషం ఆగాలట.

నిమిషానికి నలభై పలుకులు ఏరతాను నాను.
ఒకటి, రెండు, లెక్కెట్టినాను.
పదికాడ దాలమ్మప్ప.
పందొమ్మిదికాడ మా లిఖిత, ఏడో తరగతి.
ముప్పైకాడ గూడ్సుబండి పోతన్నాది, బల్ల ఒణుకుతన్నాది,
నానే ఒణుకుతన్నానేమో.
నలభై.
డాక్టరమ్మ తల కొంచెం పక్కకి వొంచింది.

ఆ వొంపు నాకు తెలుసు.
ట్యూబులైటు కింద రోజుకి వెయ్యిసార్లు
నానూ అలాగే వొంచుతాను.

"తెల్లమచ్చ ఉంది" అంది.
కేన్సరా?
"కాదు. కానియ్యకుండా చూద్దాం."
వేడెక్కిన సన్న కడ్డీ.
గంజి వార్చినంత సేపు కూడా పట్టనేదు.
పొత్తికడుపులో సిన్న మెలిక, అంతే.
ఏడాదికి మల్లీ రమ్మని కార్డు మీద ఎర్ర ఇంకు.
నాలుగు వారాలు ఎడంగా ఉండమన్నారంటే
మా ఆయన ఏటీ అన్నేదు,
సాప తీసికెల్లి వరండాలో ఏసుకున్నాడు.
రాత్రి రెండుసార్లు లేసి వొచ్చి
"బాగున్నావేటి?" అనడిగినాడు.
ఒకసారి అడిగితే సాలదేటి, అన్నాను.

బడిలో లిఖితకి టీకా ఏసినారు.
జబ్బ పట్టుకుని వొచ్చి, దేనికమ్మా ఇది, అంది.
గర్భసంచి ముఖద్వారం, అన్నాను. గట్టిగానే.
వీధిలోకి ఇనబడిందేమో. ఇనబడనీ.
మా అమ్మ నాకు
ఆ సోటుకి పేరే సెప్పనేదు.

ఇంకో బుధవారం. సాయంత్రం తూకం.
కుంతి రేపటి కూలి గురించి గొణుగుతన్నాది.
మేస్త్రి అటు తిరిగినప్పుడు
నా డబ్బాలోంచి ఒక దోసెడు, మరో దోసెడు
గుండు పప్పు
దాని డబ్బాలో పోసినాను.
రేపు ఎల్లు, అన్నాను.
అది నాకేసి సూడనేదు.
డబ్బా మూత పెట్టుకుంది.