ఆరో మనిషి

లెక్కపెట్టేవాడు లెక్కలోకి రాడు.
అందుకే నాకీ కొలువిచ్చారు.
కల్దవిక్ లోయ సంఘానికి గుమాస్తాను,
ఓటు లేదు, పెన్ను ఉంది.

సభ్యులు పదకొండుగురు. ఆరుగురుంటే సభ.
అయిదుగురే ఉంటే
అది చలి కాచుకోవడం.

ఇవాళ అజెండాలో ఒకటే అంశం:
లోయ చివరి జలపాతాన్ని
కరెంటు కంపెనీకి నలభై ఏళ్ళ లీజుకివ్వడమా, మానడమా.
మే నెలలో మళ్ళీ మంచుపడి
కనుమ అవతలి నలుగురూ అక్కడే ఆగిపోయారు.
కొల్బెయ్న్ గొర్రె ఈనుతోంది, అతను రాడు.

వచ్చిన అయిదుగురూ అవుననేవాళ్ళే.
బూట్ల మంచు దులుపుకుని
హీటరు దగ్గరికి కుర్చీలు లాక్కున్నారు.
ఆరో మనిషి వంటగదిలో ఉంది.

హాల్బెరాకి డెబ్భై ఒకటి.
ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సభకీ కాఫీ ఆవిడదే.
వంటగదికీ హాలుకీ మధ్య గోడలో
ట్రే పట్టేంత కిటికీ.
అందులోంచి కప్పులు వస్తున్నాయి,
కప్పుల వెనక చెయ్యి,
చెయ్యి వెనక మనిషి రావడం లేదు.

"లోపలికి రా హాల్బెరా" అన్నాడు అధ్యక్షుడు అస్గ్రీముర్.
"డికాక్షన్ దిగనీ."
"చెయ్యి లోపలే ఉందిగా, వేసెయ్" అన్నాడు థోర్గిల్స్ నాతో.
నిబంధనల పుస్తకం తిరగేశాను.
తలలు లెక్కపెట్టమని ఉంది.
చేతుల సంగతి ఓటు దగ్గరే వస్తుంది.

నిద్రపోయేవాణ్ణి లేపుకు రావచ్చు,
అలిగినవాణ్ణి బతిమాలుకోవచ్చు,
గోడకవతల స్పూను చప్పుడు చేస్తున్న మనిషిని
ఏమని రాసుకోను?
హాజరు కాదు.
గైర్హాజరు అందామంటే కాఫీ వేడిగా ఉంది.

నలుగురి మాటా చెల్లాలంటే
ఆరుగురు కావాలని
ఈ కొలువులోకి వచ్చాకే తెలిసింది నాకు.

ఎనిమిదింపావు.
ఎనిమిదిన్నర దాటితే వాయిదా,
వాయిదా పడితే కంపెనీ పక్క లోయకి పోతుంది.
అస్గ్రీముర్ మెడ ఎర్రబడింది.
అతనికి బ్యాంకు అప్పుంది, అందరికీ తెలుసు.
స్వాన్‌లోయిగ్‌కి పడవ ఇంజను కావాలి.
చెడ్డవాళ్ళు కారు. చలిలో ఉన్నవాళ్ళు.

అప్పుడు నీళ్ళ చప్పుడు ఆగింది.
ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ
హాల్బెరా గడప దాకా వచ్చి ఆగింది.
ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"నేను రాకపోతే మీకు సభ లేదు.
వస్తే నాకు జలపాతం లేదు.
రాకుండా ఉండిపోదామనే అనుకున్నా.
కానీ రేపెప్పుడో ఆ పుస్తకం తెరిచినవాళ్ళకి
ఆ రాత్రి ఒక్కతి కాదందని ఎవరు చెబుతారు,
కాఫీ చెబుతుందా?"

రెండో కాలూ లోపల పెట్టింది.
కుర్చీ మాత్రం లాక్కోలేదు.
"రాసుకో అబ్బాయ్, ఆరు."

రాశాను.
అస్గ్రీముర్ గంట మీద చెయ్యి వేశాడు.

ఎయ్‌విందుర్ లేచాడు.
ఎయ్‌విందుర్ ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు,
ఇల్లు జలపాతం పక్కనే,
ఆ చెవుడు దానివల్లే అంటారు.
ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుని
ఎవరి మొహమూ చూడకుండా
"ఇవి కడగాలి" అని
వంటగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, హాల్బెరా.

మళ్ళీ లెక్కపెట్టాను.
గంట మీద చెయ్యి అలాగే ఉంది.
గోడకవతల కుళాయి పారుతూనే ఉంది,
అయిదు కప్పులకి ఎంతసేపు కావాలో
అంతకంటే చాలాసేపు.

ఆరు కొట్టేసి అయిదు వేశాను.
"కోరం లేదు" అని రాశాను, అంతే రాయాలి.
సభే జరగలేదు కనక
ఆవిడ కాదన్న మాట పుస్తకంలోకి ఎక్కలేదు.
హాల్బెరా నా భుజం మీదుగా వంగి చూసి
ఆ కొట్టివేత మీద కాసేపు వేలు ఉంచింది.

థోర్గిల్స్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అన్నాడు:
"వచ్చేసారికి కాగితం కప్పులు కొందాం."