పొల్లు

ప్రాణహిత మీద అప్పటికి వంతెన లేదు.
సిరొంచ రేవులో నాటుపడవ, తాళ్లు, చారల కొలబద్ద,
నీటి వేగం కొలవడానికొచ్చిన ఇద్దరు దూరదేశస్థులు.
తూరేది స్వీడన్. ఎనికోది హంగేరీ.
వాళ్లకూ రేవుకూ మధ్య నేను,
రోజుకు నూట ఇరవై రూపాయల దుబాసీని.
మిగతా రోజుల్లో పిల్లలకు అచ్చులూ హల్లులూ.

పాచి పట్టిన మూడో మెట్టు మీద
తూరే కాలు పెట్టాడు.
చెయ్యి గాలిని పట్టుకోబోయింది.
"హాల్!" అన్నాడు.

ఎనికో చటుక్కున నీళ్లలోకి చూసింది,
ఏదీ, ఎక్కడ అన్నట్టు.
నీటిపారుదల గుమాస్తా ధోటేకి హాల్ అంటే అవస్థ,
"అవును సాహెబ్, ఇక్కడ అన్నీ హాలే" అని
జీతం రాని మూడు నెలలూ వేళ్ల మీద లెక్కపెట్టాడు.
నాకు నల్లబల్ల కనిపించింది,
ఊపిరి కోసం అచ్చు మొహం చూసే హల్లులు.
బక్కయ్య ఏమీ అనలేదు.
గడ దించి పడవను ఒడ్డుకు అదిమి పట్టుకున్నాడు.

నడి ఏట్లో చాయ్ మూత చేతులు మారుతుంటే
ఎనికో చేపల చిట్టా వెనక పెన్సిలుతో రాసింది
మూడే మూడు రోమన్ అక్షరాలు.
తూరే చదివితే జారుడు. దీర్ఘం తీస్తాడు.
ఆమె చదివితే చేప.
అకారం గుండ్రబడి ఒకారం వైపు వాలుతుంది.
డెన్మార్కులో అయితే అవే అక్షరాలు
కుర్చీలు వేసుకునే పెద్ద హాలు.

"చుట్టాలా ఈ మాటలు?" అడిగాను.
కాదట.
రైలుపెట్టెలో ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పరాయివాళ్లట.
తన చేపకు అసలు చుట్టం ఫిన్లాండులో ఉందట, పేరు కల.
ఎప్పుడో ఒకే ఇంట్లో పుట్టి
ఒకటి మంచు వైపు, ఒకటి గడ్డి మైదానాల వైపు.
దారిలో క అరిగి హ అయింది.

"కలనా?" బక్కయ్య మొదటిసారి నోరు తెరిచాడు.
"కలల నాకు చేపలే వస్తయ్ సారూ.
వలల్నే రావు."
ధోటే, నేను పడీపడీ నవ్వాం.
తూరేకి ఇంగ్లీషులో చెప్పబోతే
ఆ కలకీ ఈ కలకీ మధ్య నా ఇంగ్లీషు మునిగింది.

ఎనికో పెన్సిలు మొన అక్షరాల మీదే ఉంది.
ఇంకొకటుంది, అంది.
మా భాషలో ఇదే మాటకి
చనిపోతాడు అని కూడా.
వేరు వేరే. రాత ఒకటే.

పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను,
చెప్పడం నా కూలి కదా.
జారుడు. చేప. చనిపోతాడు.

గడ ఆగింది.

"గా మూడో మెట్టే" అన్నాడు బక్కయ్య.
"శ్రావణంల. మా తమ్ముడు ఓదెలు.
చేతుల బొచ్చె ఉండె, రెండు కిలోలది.
జారిండు.
చేప మల్ల దొరికింది."

తర్జుమా ఎవరూ అడగలేదు.
కాసేపటికి ధోటే తన మరాఠీలో
"హల్, హల్" అన్నాడు మెల్లగా.
కదులు అని.
పడవతో అన్నాడో, బక్కయ్యతోనో.

సాయంత్రం రేవుకి మాడియా పల్లె నుంచి రైనీ ఆత్రం వచ్చింది.
గంప ముందు కూర్చుని "మీన్" అంది, వేలు చూపించి.
నేను పద్యాల్లో తప్ప ముట్టని మాట
ఆమె నోట్లో తడిగా, బేరమాడుతూ.
బక్కయ్య ఒక చేప ఎక్కువే వేశాడు.
త్రాసు వైపు చూడలేదు.

మర్నాడు బడిలో
హ రాశాను. పక్కన ల. ల నెత్తిన పొల్లు.
గింజ లేని వడ్లకీ అచ్చు లేని అక్షరానికీ
మనకి ఒకటే పేరు.
వెనక బెంచీ పిల్లాడు లేచాడు,
"సార్, అర్థమేంది?"

సుద్దముక్క చేతిలోనే ఉంది.
"రేవుకి పోతే చూసి నడువు రా" అన్నాను,
"మూడో మెట్టు కాడ."