రాత్రి పదింటి చుక్క

పురుగుకి గడియారం ఉంది.
పగలంతా ఊపిరితిత్తుల్లో పడుకుని
రాత్రి పది దాటాక చర్మం కిందికి వస్తుంది,
దోమ వచ్చే వేళ దానికి తెలుసు.

నాకూ అదే డ్యూటీ.
ఇరవై రెండేళ్లు ఫైలేరియా యూనిట్లో,
టార్చిలైటూ సూదుల డబ్బా గాజు పలకలూ పట్టుకుని
జాలారిపేట తలుపులు కొట్టాను.

"నిద్దర్లో లేపి రగతం తీత్తారేటి బాబూ,
పొద్దున్న రాకూడదేటి?"
అనేవాడు గరికిన ఎల్లాజీ,
అంటూనే వేలు చాపేవాడు.
ఎడమ కాలు తెప్ప దుంగంత.
అంత కాలు వచ్చాక నెత్తుట్లో పురుగు దొరకదంటారు,
వాడిలో దొరికేది.
డాల్ఫిన్స్ నోస్ దీపం ఒకసారి సముద్రం మీద,
ఒకసారి వాడి రేకుల మీద.

ఆ చుక్క ఇన్నేళ్లూ అట్టపెట్టెలో ఎండి ఉంది.
ఇప్పుడు దాన్ని యూనివర్సిటీలో ఒక పిల్ల చదువుతోంది,
ఉరుకూటి మౌక్తిక.
రిటైరైన నన్ను పిలిపించింది,
స్లైడు మీద నా చేతిరాత అర్థం కాక.

"ఉన్నవి నాలుగే అక్షరాలండీ."
తెరంతా అవే, గెడ్డ పొంగినట్టు.
మధ్యలో ఒక ముక్క.
కాస్త కిందికి జరిపితే అదే ముక్క.
ఇంకాస్త కిందికి, మళ్లీ.
అవుట్‌గేటు ముందు జిరాక్సు కుర్రాడు
మిషను ఆపడం మర్చిపోయి టీకి పోయినట్టు.

"ఇది పురుగుది కాదండీ,
పురుగులో కాపురం పెట్టింది.
తన నకలు తానే తీసుకుని
దొరికిన వాక్యంలో దూరిపోతుంది.
వేరే పనేం లేదు. ఉండటమే పని."

ఎల్లాజీలో పురుగు.
పురుగులో ఇది.
దొంగింట్లో దొంగ పడితే
కేకెయ్యాల్సింది ఎవరు?
నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

ఏ కాలంలో ఏ ప్రాణిలోంచి
ఏ ప్రాణిలోకి దూకిందో తెలీదట.
నకళ్లు చాలావరకు చచ్చాయట.
ఒకదానికి తల లేదు, ఒకదానికి నడుం విరిగింది,
హార్బరు వెనక ఇసకలో కూరుకున్న మరపడవల్లాగ
తుప్పట్టి, పేరు మాత్రం కనబడుతూ.
ఒక్కదాని దగ్గర ఆగింది మౌక్తిక.
దాని తోకని పురుగే వాడుకుంటోందేమో,
ఏదో జన్యువుని వేళకి లేపడానికి.
"అనుమానమే సుమండీ" అని రెండుసార్లు అంది.

ఏకు మేకవడం విన్నాను.
మేకు తలుపుకి గడియ కావడం
ఇదే వినడం.

అయితే ఇరవై రెండేళ్లు
రాత్రి పదింటికి నన్ను చెప్పులేసుకోమన్నది
ఆ విరిగిన తోకేనా?

"మనలోనూ ఉన్నాయండీ, సగం దాకా"
అంది ఆ పిల్ల, తెర ఆపేస్తూ.
రిజిస్టర్లో ఎర్ర సిరాతో
పరాన్నజీవి అని రాసేవాణ్ణి.
ఎవరి అన్నం ఎవరు తింటున్నారో
రాసే గడి అందులో లేదు.

ఎల్లాజీ మొన్న తుపాను నెలలో పోయాడు.
నేనిచ్చిన మాత్రలు లుంగీ మడతలో పెట్టుకునేవాడు,
మింగాడో లేదో నిలబడి చూడాల్సింది,
చూడలేదు. ఇంకా అరవై ఇళ్లుండేవి.
వాడి పురుగులు వాడితో కాలాయి.
ఆ ముక్క మాత్రం కంప్యూటర్లో ఉంది,
నిన్న రాత్రి దాని నకలు
ఇంకో ఊరి కంప్యూటరుకి పంపారట.
మళ్లీ దూకింది,
ఈసారి మా చేతుల మీదుగా.

కంచరపాలెం చేరేసరికి పది దాటింది.
కరెంటు లేదు.
అరుగు మీద చెయ్యి చాపుకుని కూర్చున్నాను.
దోమ వాలింది.
వెంటనే కొట్టలేదు.