వినేదానికీ ఓ చప్పుడు

మా బ్రిస్టల్‌లో పెద్ద వీధి
రెండు రాష్ట్రాల నడుమ సాగుతుంది.
మధ్యలో వరసగా పాతిన ఇత్తడి బిళ్ళలు.
ఇవతల నా కుదువ కొట్టు, టెనెసీ.
అవతల మంగలి షాపు, మందుల షాపు, వర్జీనియా.
వాన మాత్రం రెంటికీ కలిపి ఒకటే.

గాజు అల్మరాలో, పాత గిటార్ల కింద,
మూడు రాడార్ డిటెక్టర్లున్నాయి.
ఇక్కడ అవి సరుకు.
ఇరవై అంగలు వేస్తే
బండిలో అవే నేరం.

కొనేవాళ్ళకి అబద్ధం చెప్పను.
బద్ధకస్తుడైన పోలీసు
రాడార్ వెలిగించి పెట్టి కునుకు తీస్తుంటే
ఇది మైలు ముందే పసిగడుతుంది, నిజమే.
తెలివైనవాడు వేలు మీట మీద ఉంచుకుని
నీ బండి ఎదుటికొచ్చాకే నొక్కుతాడు.
అప్పుడరుస్తుంది ఇది, గొంతు చించుకుని.
లేజరంటావా,
పెన్సిలంత వెలుగు, సరిగ్గా నీ నంబర్ ప్లేటు మీద,
కన్నార్పేలోగా లెక్క తేలిపోతుంది.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే కుక్కని
నూట నలభై డాలర్లకి అమ్ముతున్నాను,
తీసుకుంటే తీసుకో.

పెద్ద లారీల వాళ్ళకి ఏ రాష్ట్రంలోనూ వీల్లేదు.
అయినా వస్తారు. చేతిలో తిప్పి, బరువు చూసి,
పండు పచ్చిగా ఉందన్నట్టు
మళ్ళీ బల్ల మీద పెట్టేస్తారు.
జామర్ ఉందా అని
గొంతు తగ్గించి అడుగుతారు కుర్రాళ్ళు.
లేదు. ఆ ఒక్క సంగతిలో
బిళ్ళలకి రెండు వైపులా ఒకే మాట.

థర్మన్ బ్లెవిన్స్, పైపులమ్ముకునేవాడు,
నా దగ్గరే కొన్నాడొకటి.
ఓ మంగళవారం బండి అవతల ఆపి
జుట్టు కత్తిరించుకోడానికెళ్ళాడు.
ఇంజన్ తీయలేదు, చలి కదా, సీటు వెచ్చగా ఉండాలని.
కెగ్లీ అనే ట్రూపర్ నెమ్మదిగా పక్కనించి పోతూ
తన పెట్టెలోకి చూసుకుని ఆగాడు.

ఇరవై ఏళ్ళు అమ్మాక
అప్పుడు తెలిసింది నాకు:
వినే యంత్రానికీ ఓ చప్పుడుంటుందట.
చెవి రిక్కించడంలోనే
సన్నగా ఏదో బయటికి కారుతుందట.
దాన్ని వినే పెట్టె ఇంకొకటి వాళ్ళ దగ్గరుంది.
గుమ్మడికాయల దొంగని ఎవరూ అనకముందే
భుజాలు తడుముకుంటోంది
థర్మన్ అద్దానికి అతుక్కున్న ఆ నల్ల డబ్బా.

సగం కత్తిరించిన తలతో, మెడకి తువ్వాలుతో
రోడ్డు మీదికొచ్చి వాదించాడు:
నిలబడ్డ బండికి వేగమేమిటయ్యా?
కెగ్లీ చీటీ రాస్తూనే ఉన్నాడు.
వేగం గురించి కాదండీ,
ఇది ఇక్కడుండటం గురించి.

ఆ కెగ్లీయే, పోయిన ఏప్రిల్లో రిటైరై,
నా కొట్టుకొచ్చాడు.
టోపీ లేకపోతే పోల్చుకోలేదు.
నాక్స్‌విల్‌లో అక్కకి డయాలిసిస్,
వారానికి మూడుసార్లు తనే తీసుకెళ్ళాలి.
ఏది మంచిదని అడగలేదు.
ఇవెంతవరకు పనికొస్తాయో
నాకంటే అతనికే తెలుసు.
అయినా కొన్నాడు.
మరెందుకంటే
చిల్లర లెక్కపెట్టుకుంటూ కాసేపు నిలబడి,
"పక్క సీట్లో ఎవరో మెలకువగా ఉన్నట్టుంటుంది, వెర్లీన్" అన్నాడు.

ఇల్లు అవతల వైపు.
అందుకని తిరిగొచ్చిన ప్రతి సాయంత్రం
నా బల్ల మీద దాన్ని వదిలి వెళ్తాడు,
గడప బయట చెప్పులు విడిచినట్టు.
డాలరుకి కుదువ చీటీ రాస్తాను.
మడిచి జేబులో పెట్టుకుంటాడు.
ఇద్దరం నవ్వం.

తీగ తగిలించే ఉంచుతాను, ఎందుకో.
వీధవతల మందుల షాపు తలుపు
దానంతటదే తెరుచుకున్నప్పుడల్లా
ఇది బల్ల మీద కుయ్యిమంటుంది.
ప్రతిసారీ తలెత్తి చూస్తాను.
చేతికర్రతో ఓ ముసలావిడ,
వానకి తడిసిన కాగితం సంచీ,
వేరే రాష్ట్రపు వెలుగులోకి
అంగుళం అంగుళంగా వెళుతూ.