మూడు నిమిషాల ఎరుపు

దామలచెరువు గేటు కాడ పదకొండేండ్లు
ఎర్రజెండా నా చేతిలో ఉండేది.
ఇప్పుడు పొద్దున ఏడుగంటలకి
తిరుపతి ఆస్పత్రి మూడో అంతస్తులో
ఒక గొట్టం నా కంటికి ఎర్రదీపం చూపిస్తాది.
ఆగమని కాదంట.
లెయ్యమని.

ముందు రంగు పోయింది,
చూపు ఆ తర్వాత.
ఎడమ కంట్లో జెండా
నెలంతా ఎండలో మరిచిపోయిన గుడ్డలా వెలిసింది.
తప్పు గుడ్డదే అనుకున్నా.
"కొత్తది తెప్పించు దొరసామన్నా, ఇది పాతబడింది."
ఆయన విప్పి చూసి
"పోయిన నెల్లో ఇచ్చిందే కదమ్మే" అన్నాడు.

కన్ను తిప్పితే వెనకనుంచి దబ్బనం గుచ్చినట్టు.
మూడోనాటికి
లారీ, లారీలో కాయలు, లారీ వెనక కొండ
అన్నీ ఒకటే బూడిద ముద్ద.

డాక్టరు వకుళ కాగితమ్మీద గీసింది:
కరెంటు తీగ, తీగ మీద తొడుగు.
"నీ ఒంట్లో కాపలావాళ్ళే
దొంగనుకోని ఈ తొడుగుని కొరుకుతున్నారు."
కాపలా సంగతి నాకు తెలుసు.
నిద్రలేని రాత్రి మూడింటికి
గాలికూగే కంపచెట్టు కూడా మనిషే.
వాళ్ళమీద కోపం రాలేదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్.
నోరు తిరగడానికి వారం పట్టింది.
మా అత్త ఇప్పటికీ "ఆ మల్టీ" అంటాది,
ఊరికే వచ్చిపోయే చుట్టమైనట్టు.

తిరుపతి ఎండ గురించి వేరే చెప్పాలా.
ఆటో దిగి నాలుగడుగులేస్తే కన్ను మబ్బేస్తాది,
నీడన కూచుంటే తేరుకుంటాది.
వేన్నీళ్ళు పోసుకున్నా అదే వరస.
అందుకే ఈ వైద్యం మాట వినగానే నవ్వొచ్చింది.
వెలుతురికి ఓర్చలేని కంటికి
వెలుతురే మందా?
"ఇది కాల్చేది కాదమ్మా అమృతవల్లీ,
అలిసిన కణాలకి ఇంత గంజి పోసినట్టు.
పనిచేస్తాదో లేదో తెలుసుకోడానికే ఈ పరీక్ష.
మాటియ్యలేను."
మాటియ్యలేదు కాబట్టే నమ్మినా,
సంతకం పెట్టినా.

రెప్ప మూసినా లోపలికి వస్తాది ఆ ఎరుపు.
చిన్నప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి కప్పితే
వేళ్ళ సందుల్లో వెలిగేదే, అది.
నా నెత్తురు నాకు చూపించే ఎరుపు.
పక్క కుర్చీలో శ్రీకాళహస్తి పిల్లోడు,
ఇంజనీరింగు రెండో ఏడు,
పెదాల్తో సెకండ్లు లెక్కబెడతా ఉంటాడు.
నాకు ఆ లెక్క అక్కర్లేదు.
గేటు పడ్డాక పాకాల పాసింజరు దాటే దాకా
ఎంతసేపో నాకు ఒంటికే తెలుసు.
హారన్లు, తిట్లు, "ఇంకెంతసేపు తల్లీ" అనే బైకులోళ్ళు.
ఇప్పుడు నేనూ గేటుకి ఇవతలే.
తొందరపెట్టడానికి అవతల ఎవరున్నారని?

రేణిగుంటలో ఫైళ్ళకి దారాలు కడతన్నా.
తేలిక పని అని కాగితంలో రాసిచ్చినారు.
సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి, ఎందుకో.

పన్నెండో వారం చార్టులో
వెలిసిన అక్షరాలు రెండు ఎక్కువ చదివినా.
దీపం వల్లనా,
ఒళ్ళే తనంతట తాను కుదుటపడిందా,
"ఇప్పుడే చెప్పలేం" అనింది వకుళమ్మ
సంతోషాన్ని కూడా కొలిచి రాసుకుంటా.

ఆ ఆదివారం షేరాటోలో పోతా ఉంటే
నా గేటే పడింది.
ముందర కాయల లారీలు ఏడు, తోతాపురి వాసన.
కుడి కన్ను అరచేత్తో మూసినా.
గేటు నడిమధ్య గుండ్రటి పలక.
నెత్తురెరుపు కాదు, కుంకుమెరుపు కాదు.
కాయకి ఎండ తగిలిన పక్క
ఉండీ లేనట్టుంటాదే,
అంత.

ఆటో ఎట్టాగూ ఆగే ఉంది.
నేను వేరేగా ఆగినా.

గేటు కాడి కొత్త పిల్లోడు తొంగి చూసినాడు.
"కంట్లో నలుసు పడిందా అక్కా?"
"ఉండబ్బయా," అన్నా,
"రైలు పోనీ."