గేటు పుస్తకం

చిలకపాలెం జంక్షన్లో బస్సు దిగి
ముప్పావు గంట నడిచామనుకున్నాను.
పన్నెండు నిమిషాలేనంది, ఫోను చూసి.

గేటు దగ్గర నీలం చొక్కా ఆయన
దారం కట్టిన పెన్నూ, గళ్ల పుస్తకమూ ముందుకి తోశాడు.
పేరు. ఊరు. వచ్చిన టైము.
ఎవరి కోసం.
వెళ్లిన టైము.

ఎవరి కోసమని రాయను?
లోపల మాకింకా ఎవరూ లేరు.
"ఏటో ఒకటి రాసీమ్మా" అన్నాడు తవిటినాయుడు.
పేరు జేబు మీద కుట్టి ఉంది,
గొలుసు కుట్టు, చివరి అక్షరం దగ్గర దారం లేచిపోయింది.
"చూడ్డానికి" అని రాశాను.
నా తర్వాత నా కూతురు,
ఇంట్లో ఈషా అంటే తప్ప పలకని గుంట,
గేదెల ఢిల్లీశ్వరి అని
గుండ్రంగా, పూర్తిగా రాసింది.

అక్కణ్ణించి అది నాకు పదడుగుల ముందు.
నా చేతిలో బట్టల కొట్టు సంచీ,
దాని మీద పెద్దక్షరాల్లో నరసన్నపేట.
అదీ దాని బాధ.

ఆఫీసులో ఫీజుల కాగితం ఇచ్చారు.
గవర్నమెంటు ఇచ్చేది పోగా మిగిలింది
జాకెట్లలోకి మార్చుకున్నాను.
లైనింగువి, ఏడాదికి నూట నలభై.
పెళ్లిళ్ల నెలలు రెండు బాగుంటే
కళ్లు నిలబడితే
అవుతుంది.

హాస్టలు చూపించడానికి పాతపట్నం పిల్ల వచ్చింది, మృదుల.
దాని కుర్తాకి చంక దగ్గర బిగువెక్కువ.
చెప్పకూడదు కదా.
"మొదటి వారం ఏడుస్తారాంటీ" అంది.
ఎవరని నేనడగలేదు.

గదికి మూడు మంచాలు.
సంచీలోంచి టేపు తీశాను.
"అమ్మా, నీకు దండం పెడతాను, అది లోపలెట్టీ."
ఆరడుగులకి అంగుళంన్నర తక్కువుంది మంచం.
దాని కాళ్లు వాళ్ల నాన్నవి,
ఇంకా పెరుగుతాయి.

మెస్సులో వంటావిడ
అరచేతిలో గరిటెడు పప్పు వేసింది.
ఉప్పు సరిపోయింది, పోపు మాడలేదు.
బాగోదని చెప్పి ఎవరితోనో పోట్లాడదామని
పొద్దున్నించీ అనుకుంటూ వచ్చాను నేను.

ల్యాబు బయట చెప్పులిప్పాం.
చల్లటి గచ్చు.
అక్కడ ఓ మాస్టారుని అది అడిగింది:
"రాత్రి ఎన్నింటిదాకా తెరిచుంటుంది సార్?"
తొమ్మిదైతే పుస్తకం మీదే తూలిపోయే పిల్ల.
ఆ గొంతు నాకు కొత్త.

గంట కొట్టారు.
గదులన్నీ ఒక్కసారే వరండాలోకి ఒంపేసినట్టు పిల్లలు.
చూస్తే పక్కన లేదు.
నేను కుట్టిన పసుపు కుర్తా కోసం వెతికాను.
పసుపు కుర్తాలు నాలుగు కనిపించాయి,
ఏదీ నా కుట్టు కాదు.
పేరు పెట్టి కేకేద్దామంటే
ఏ పేరుతో పిలవాలో తోచలేదు.

మెట్ల మీద ఉంది, మృదుల పక్కన.
నవ్వుతోంది.
పన్ను మీద పన్ను కనిపిస్తుందని
ఎప్పుడూ చేత్తో మూసుకునే నోరు,
చెయ్యి అడ్డం లేకుండా.
కాసేపు స్తంభం చాటునే నించున్నాను.
చెప్పులో రాయి పడిందనుకోండి.

తర్వాతంతా పరుగే.
"బేగి నడవ్వే, బస్సెలిపోద్ది!"
దారంతా ఒక్క మాట లేదు.
నాగావళి వంతెన మీద, కిటికీలోంచి చూస్తూనే
"ఆ గది కిటికీ ఎంతుంటాదమ్మా" అంది.
"నలభై రెండు, ముప్పై ఆరు" అన్నాను.
తను చూడకుండా ఎప్పుడో కొలిచేశాను మరి.
"నీలం గుడ్డైతే బాగుంటాది."
అంతే. మళ్లీ ఇయర్‌ఫోన్లు.

శ్రీకాకుళంలో బస్సు మారాం.
మడపాం వంతెన ఎక్కుతుంటే గుర్తొచ్చింది.
హడావిడిలో వెళ్లిన టైము గడిలో
మూడూ నలభై అని నాదే రాశాను.
దాని గడి ఖాళీ.
ఈపాటికి తవిటినాయుడు పుస్తకం మూసేసుంటాడు.
ఆ లెక్కన
గేదెల ఢిల్లీశ్వరి ఇంకా లోపలే ఉంది.

భుజం మీద తల బరువుగా ఉంది, నిద్రపోయింది.
టిక్కెట్లు మరోసారి చూసుకున్నాను.
రెండున్నాయి.